ఆటగాడికి పొట్టలో పట్టు ఎందుకు?

తెల్లవారుజామున నంద్యాలలో ఏ మైదానం పక్కనుంచి వెళ్లినా మీకు ఈ కుర్రాళ్లు కనిపిస్తారు. పోలీసు ఎంపికలకు తయారయ్యేవాళ్లు కొందరు, కబడ్డీ ఆడేవాళ్లు కొందరు. వెల్లకిలా పడుకుని, చేతులు తలవెనక పెనవేసి, లేచి మోకాళ్లను ముట్టి మళ్లీ పడుకుంటూ ఉంటారు. పక్కనున్నవాడు లెక్కపెడుతుంటాడు. నూరు, నూటయాభై, రెండు వందలు! ఎన్ని సిటప్పులు తీస్తే పొట్టకు అంత బలమనీ, పొట్టకు ఎంత బలముంటే కాలికి అంత వేగమనీ వాళ్ల నమ్మకం. ఇందులో మొదటి మాట కొంతవరకు నిజమే. రెండో మాటతోనే చిక్కు.

ఆ మధ్య ఆళ్లగడ్డ వైపు పల్లెనుంచి ఇరవై రెండేళ్ల యువకుడు నడుంనొప్పితో నా దగ్గరకు వచ్చాడు. ఎంపికలకు రెండు నెలలే గడువుంది. 1600 మీటర్ల పరుగులో మూడో చుట్టు వచ్చేసరికి నడుము పట్టేస్తోందట. రోజుకు మూడు వందల సిటప్పులు తీస్తున్నానని చెప్పాడు. పొట్ట తడిమి చూస్తే టైరులా గట్టిగా ఉంది. బోర్లా తిరిగి, మోచేతుల మీద, కాలివేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా నిలిపి ఉంచమన్నాను. ఇరవై సెకన్లు కాకముందే నడుము వదులైన నులకమంచంలా కిందికి జారింది. మూడు వందలు తీసేవాడు ఇరవై సెకన్లు నిలవలేకపోవడమేమిటని అతనికే ఆశ్చర్యం వేసింది.

ఆశ్చర్యపడవలసిన పని లేదు. పొట్టమీది కండరాలు నాలుగు జతలు. ముందుభాగాన రొమ్ము ఎముకనుంచి కిందిదాకా నిలువుగా ఉండేది ఒక జత. సినిమా నటుల ఒంటిమీద పలకలు పలకలుగా కనిపించేది అదే. ఇరుపక్కలా నవారు అల్లినట్లు ఒకదానికొకటి ఏటవాలుగా పోయేవి రెండు పొరలు. అన్నిటికన్నా లోపల, మొలకు బిగించిన దట్టీలా అడ్డంగా చుట్టుకునేది నాలుగోది. వీటికి పైన ఉదరవితానం మూత, కింద కటిభాగపు కండరాలు అడుగు, వెనక వెన్నుపూసలను అంటిపెట్టుకున్న చిన్న కండరాలు గోడ. అంతా కలిసి ఒక మూత బిగించిన డబ్బా అనుకోండి. ఈ డబ్బాకు ఆటలో ఉన్న అసలు పని ఒంటిని వంచడం కాదు, నడుమును కదలకుండా నిలపడం.

మన నంద్యాల సీమలో బండలాగుడు పోటీలు చూడనివారుండరు. ఎద్దులకు ఎంత సత్తువ ఉన్నా, కాడికీ బండకూ మధ్య మోకు సడలితే బండ కదలదు. పరుగులోనూ అంతే. కాలు నేలను తన్నిన బలం నడుంగుండా పైకి రావాలి. నడుము ఊగిపోతే ఆ బలంలో కొంత దారిలోనే ఖర్చవుతుంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాణ్ణి నలుగురు పట్టుకున్నప్పుడు గీతదాకా ఈడ్చుకుపోయేది తొడలే అయినా, ఆ తొడలకు ఆసరా మాత్రం నడుమే.

1996లో ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు ఒక విచిత్రాన్ని ప్రకటించారు. మనిషి చెయ్యి ఎత్తబోతే, చేతి కండరం కన్నా ముందే ఆ లోపలి దట్టీ కండరం బిగుసుకుంటోంది. తేడా సెకనులో ఏ మూలకో వస్తుంది, అంతే. నడుంనొప్పి ఉన్నవాళ్లలో మాత్రం ఈ బిగింపు ఆలస్యమవుతోంది. బరువెత్తేవారికి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. కోడి రామమూర్తిగారు ఊపిరి బిగించి ఛాతీకి కట్టిన గొలుసులు తెంపిన సంగతి మన తాతలనాటినుంచి చెప్పుకుంటున్నాం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అంత బరువు తలమీద నిలవాలంటే చేతులు, కాళ్లు చాలవు, నడిమి డబ్బా గట్టిగా ఉండి తీరాలి.

మరి సిటప్పుల మాటేమిటి? సగందాకా లేచేది పొట్ట కండరాలతోనే. ఆ తరువాత పని తొడను పైకెత్తే కండరాలది. అవి నడుంపూసలనుంచే మొదలవుతాయి కనుక లేచినప్పుడల్లా ఆ పూసలను గుంజుతాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో మెగ్గిల్ బృందం లెక్కగట్టగా, ఒక్క సిటప్పులో నడుంపూసల మీద పడే ఒత్తిడి మూడు వేల న్యూటన్లు దాటింది. అంటే మూడు క్వింటాళ్ల బరువన్నమాట! అమెరికా నౌకాదళంవారు 2021లో తమ పరీక్షలోంచి సిటప్పుల వంటి వ్యాయామాన్ని తీసేసి, మోచేతుల మీద నిలిచే పరీక్ష పెట్టారు. ఇంకొక సంగతి. రాత్రి పడుకున్నప్పుడు పూసల మధ్య మెత్తలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. నిద్ర లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటికి మరీ ఒత్తిడి. మన పిల్లలు మంచం దిగీ దిగగానే మొదలుపెట్టేది ఈ పనే!

ఏం చెయ్యాలో చెబుతాను. పైసా ఖర్చు లేదు. తాలింఖానాల్లో దండెం తీసేముందు చేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు కర్రలా నిలిపే భంగిమ ఉందే, దానిలో ఆగండి. మొదట్లో మోచేతుల మీద చాలు. పిరుదులు పైకి లేవకూడదు, నడుము కిందికి జారకూడదు. పది సెకన్లు నిలవండి, దిగండి, మళ్లీ నిలవండి. ఇలా ఆరుసార్లు చేయడం ఒకేసారి నిమిషంపాటు వణుక్కుంటూ ఉండటం కన్నా మేలు. తరువాత పక్కకు తిరిగి ఒక మోచెయ్యి, పాదం అంచు మీద అలాగే నిలవాలి, రెండు వైపులా. మూడోది, చేతులు మోకాళ్ల మీద పశువులా నిలబడి, కుడిచెయ్యి ముందుకూ ఎడమకాలు వెనక్కూ చాపడం, తరువాత చెయ్యీ కాలూ మార్చడం. వీపు మీద నీళ్ల చెంబు పెట్టినా ఒలకకూడదు, అదీ కొలత. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం మన ఆడవాళ్లు రోజూ చేసేదే. ఒక చేత్తో నీళ్ల బిందె పట్టుకుని, పక్కకు ఒరగకుండా నిటారుగా యాభై అడుగులు నడిచి, చెయ్యి మార్చుకుని తిరిగి రావడం. వీటన్నిటికీ పావుగంట పడుతుంది. వారానికి మూడు నాలుగు రోజులు చాలు. ఊపిరి మాత్రం ఆపకండి. రక్తపోటు ఉన్నవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెబుతాను.

దీనివల్ల పరుగు వేగం అమాంతం పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ విషయంలో పరిశోధనలన్నీ ఒక్క మాట మీద లేవు. పరుగు పరుగుతోనే వస్తుంది. నడుము నిలిస్తే అలసటలో కూడా ఒళ్లు కుదురుగా ఉంటుంది, నొప్పితో సాధన ఆగిపోయే ప్రమాదం తగ్గుతుంది. ఆ ఆళ్లగడ్డ అబ్బాయికి నేను ఆశపెట్టింది కూడా అంతవరకే. సిటప్పులు మాన్పించి ఈ పద్ధతి చెప్పాను. నాలుగో వారానికి నొప్పి లేకుండా నాలుగు చుట్లూ పూర్తి చేస్తున్నాడు.

పొట్ట కొవ్వు తగ్గించుకోవాలని ఇవి చేసేవారికి ఒక్క మాట. ఏ కండరాన్ని కదిపితే దానిమీది కొవ్వే కరగడమన్నది లేదు. నడుముకు రబ్బరు పట్టీ చుట్టుకుని పరుగెత్తితే పోయేది చెమటే, మంచినీళ్లు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది.

ఇక గుండ్లు ఎత్తే యువకులకు. ఉగాదికీ జాతరలకూ మన పల్లెల్లో గుండు, ఇరుసు ఎత్తే పందేలు ఉన్నాయి. దగ్గినప్పుడో బరువెత్తినప్పుడో గజ్జల్లో ఉబ్బు కనిపించి, పడుకోగానే లోపలికి పోతోందంటే అది హెర్నియా కావచ్చు. పొట్టగోడలో బలహీనమైన చోటునుంచి పేగు బయటికి వస్తోందన్నమాట. లంగోటా బిగించి కట్టుకుంటే సరిపోతుందని పెద్దలు చెబుతారు, సరిపోదు. వ్యాయామంతో అది పూడదు, ఆపరేషన్ చేయించుకోవలసిందే. ఆ ఉబ్బు లోపలికి పోకుండా బిగుసుకుపోయి, నొప్పి, వాంతులు మొదలైతే పేగుకు రక్తం ఆగిపోతున్నట్లు. తెల్లవారనీ అని చూడక ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి. నడుంనొప్పితోపాటు కాలు మొద్దుబారినా, మూత్రం బిగిసినా ఇంతే తొందర. ఆపరేషన్ అయినవాళ్లు సర్జన్ సరేననేదాకా గుండు జోలికి పోకండి, ఊళ్లో ఎవరు పందెం కాసినా సరే.