ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ వాహనాలలో ముందు చక్రాలు, బ్రేకుల లోప నిర్ధారణ: డోన్, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నేపథ్యం

విత్తనం, ఎరువులు, స్ప్రేయర్లు, కూరగాయలు, పశుగ్రాసం వంటి వాటి రవాణాలో పికప్ వాహనం నేడు ట్రాక్టరుతో సమానమైన పాత్ర వహిస్తున్నది. బురద పొలాలలోను, రాళ్లబాటలలోను నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించగల ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లు ఎక్కువ అనుకూలమైనవి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారంలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ ఈ కోవకు చెందిన వాహనమే. సాధారణ పికప్‌తో పోల్చినపుడు వీటి ముందు చక్రాల నిర్మాణం క్లిష్టమైనది. ఒకే చక్రం వద్ద బేరింగు, స్టీరింగు కీళ్లు, చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు, బ్రేకు కలిసి ఉంటాయి. అందువలన ఒక భాగంలోని లోపం మరొక భాగానిదిగా పొరపడే అవకాశం అధికం. అలా పొరపడినపుడు రైతుకు కలిగే నష్టం విడిభాగం ఖర్చుతో ముగియదు. అసలు లోపం అలాగే ఉండగా, మరమ్మతు పూర్తయిందన్న నమ్మకంతో బండి బరువుతో రోడ్డెక్కుతుంది.

ప్రాంతీయ పరిస్థితుల ప్రభావం

డోన్ పరిసరాలలో ఎర్రనేలలు, గులకరాళ్ల బాటలు ఎక్కువ. గరుకైన ఇసుక రేణువులు బ్రేకు ప్యాడుకు, డిస్కుకు మధ్య చేరి డిస్కుపై గాళ్లు పెడతాయి. పదునైన రాళ్లు యాక్సిల్ జాయింటును కప్పి ఉంచే రబ్బరు బూటును చీలుస్తాయి. నాపరాయికి పేరొందిన బేతంచెర్ల వైపు తిరిగే వాహనాలలో సన్నని రాతిపొడి క్యాలిపర్ పిన్నుల వద్ద పేరుకొంటుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడి నేలల సమస్య వేరు. తడిసిన రేగడి చక్రం లోపలి అంచుకు ముద్దలుగా అంటుకొని, ఎండిన తరువాత రాయివలె గట్టిపడుతుంది. వాగులు దాటినపుడు, అరిగిన సీలు గుండా నీరు హబ్‌లోకి చేరితే గ్రీజు పాలవలె తెల్లబడి బేరింగు తుప్పు పడుతుంది. కనుక వాహనం ఏ నేలలో తిరిగినదో తెలుసుకొనడం నిర్ధారణలో మొదటి మెట్టు.

శబ్దం, వణుకు

డ్రైవరును మొదట అడగవలసినవి మూడు ప్రశ్నలు. లోపం బ్రేకు తొక్కినపుడే కనిపిస్తున్నదా, ఎల్లప్పుడూ ఉన్నదా? 2హెచ్‌లోనా, 4హెచ్‌లోనా? ఖాళీ బండిలోనా, బరువుతోనా? ఈ సమాధానాలతోనే కారణాలలో చాలా వరకు తొలగిపోతాయి.

వేగంతోపాటు పెరిగే హోరు బేరింగు అరుగుదలకు సూచన. స్టీరింగును కొద్దిగా ఎడమకు తిప్పినపుడు బరువు కుడి చక్రంపైకి మారుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగును, కుడికి తిప్పినపుడు పెరిగితే ఎడమ బేరింగును అనుమానించాలి. పూర్తిగా మలుపు తిప్పి యాక్సిలరేటరు ఇచ్చినపుడు టక టక మనే శబ్దం వస్తే యాక్సిల్ జాయింటు అరిగినట్లు భావించాలి. అటువంటి సందర్భాలలో చిరిగిన బూటు, చుట్టూ చిమ్మిన గ్రీజు తరచుగా కనిపిస్తాయి. శబ్దం 4హెచ్‌లో మాత్రమే వస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసులను పరిశీలించాలి.

బ్రేకు తొక్కకుండానే ఒక నిర్దిష్ట వేగం వద్ద స్టీరింగు వణికితే చక్రం సమతూకం తప్పినట్లు. ఖర్చు పెట్టే ముందు రిమ్ము లోపలి మట్టిని కడిగి మరల నడిపి చూడాలి. బ్రేకు తొక్కినపుడే వణుకు, పెడల్‌లో అదురు వస్తే డిస్కు మందం అన్నిచోట్లా సమానంగా లేదని అర్థం. మైక్రోమీటరుతో మందాన్ని, డయల్ గేజితో వంకరను కొలిచి తయారీదారు పరిమితులతో సరిపోల్చాలి.

చక్రం ఊగులాట

బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో ఎత్తిన పిదప స్టాండుపై నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి వెళ్లరాదు. చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపినపుడు కదలిక కనిపిస్తే, సహాయకునితో బ్రేకు తొక్కించి మరల ఊపాలి. కదలిక ఆగిపోతే లోపం బేరింగుది. ఆగకపోతే బాల్ జాయింటుది. పాత జీపుల తరహా ముందు యాక్సిలు అయితే కింగ్ పిన్నుది. బ్రేకు, హబ్‌ను దాని వెనుక భాగంతో బిగించి ఉంచుతుంది కనుక ఈ తేడా తెలుస్తుంది. కుడి ఎడమ పక్కలు పట్టుకొని ఊపినపుడు మాత్రమే కదలిక ఉంటే టై రాడ్ ఎండులను చూడాలి.

ఒక పక్కకు లాగడం

బ్రేకు తొక్కినపుడు బండి ఎడమకు లాగితే ఎడమ బ్రేకు చెడిందని భావించడం పరిపాటి. చాలా సందర్భాలలో బలహీనపడినది కుడి బ్రేకు. సరిగా పనిచేస్తున్న ఎడమ చక్రం బండిని తనవైపు తిప్పుతుంది. కుడి వైపు పిస్టను బిగుసుకొనడం, ప్యాడుపై గ్రీజు లేదా బ్రేకు ఆయిలు పడడం ఇందుకు కారణాలు. బ్రేకు తొక్కకపోయినా లాగితే ముందు టైర్లలో గాలి సమం చేసి, వాటిని అటూ ఇటూ మార్చి చూడాలి. లాగే దిశ మారితే లోపం టైరుది. మారకపోతే అలైన్‌మెంటును, పట్టి ఉన్న బ్రేకును పరిశీలించాలి.

బ్రేకు పట్టి ఉండడం

బ్రేకు ఎక్కువగా వాడకుండా కొన్ని కిలోమీటర్లు నడిపిన తరువాత రెండు ముందు చక్రాల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పోల్చాలి. అధికంగా వేడెక్కిన చక్రాన్ని ఎత్తి చేతితో తిప్పి చూడాలి. ఈ పరీక్షకు ముందు గేరు 2హెచ్‌లో ఉన్నదని నిర్ధారించుకొనడం తప్పనిసరి. 4హెచ్‌లో ఉంటే, నేలపై ఉన్న మిగిలిన మూడు చక్రాలు ఎత్తిన చక్రాన్ని తిరగనీయవు. బ్రేకు పట్టినట్లు భ్రమ కలుగుతుంది.

చక్రం నిజంగానే బిగువుగా ఉంటే క్యాలిపర్‌పై ఉన్న బ్లీడింగ్ స్క్రూను కొద్దిగా వదులు చేయాలి. అయినా చక్రం తిరగకపోతే లోపం పిస్టనులో లేదా పిన్నులలో ఉన్నది. ఆయిలు చిమ్మి చక్రం వదులైతే పైపులో ఒత్తిడి నిలిచిపోయినట్లు. అప్పుడు స్క్రూ బిగించి, బ్రేకు తొక్కి మరల పట్టునట్లు చేసి, రబ్బరు హోస్ పై చివర, ఇనుప పైపు కలిసే చోట వదులు చేయాలి. చక్రం వదులైతే లోపం పైన, మాస్టర్ సిలిండర్ వైపున ఉన్నది. వదులు కాకపోతే హోస్ లోపల వాచి మూసుకొనిపోయినది. పైకి కొత్తగా కనిపించే హోస్ కూడా లోపల చెడి ఉండవచ్చు. పరీక్ష ముగిసిన పిదప గాలి తీయడం మరువరాదు.

పెడల్ చెప్పే విషయాలు

మెత్తగా ఉండే పెడల్ పైపులలో గాలిని సూచిస్తుంది. స్థిరంగా తొక్కి ఉంచినపుడు, బయట ఎక్కడా కారకుండానే నెమ్మదిగా దిగిపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగినట్లు. గట్టిగా ఉంటే, ఇంజను ఆపి పలుమార్లు తొక్కి, తొక్కి పట్టుకొని ఇంజను స్టార్టు చేయాలి. పెడల్ కొద్దిగా దిగకపోతే వాక్యూమ్ బూస్టరులో లోపం ఉన్నది.

కొన్ని వాహనాలలో వెనుక బరువును బట్టి వెనుక బ్రేకుల ఒత్తిడిని మార్చే వాల్వు ఉంటుంది. ఇది మట్టితో ఖాళీ బండి స్థితిలో బిగుసుకొంటే, నిండు బరువుతోనూ వెనుక బ్రేకులు తక్కువగా పనిచేస్తాయి. భారమంతా ముందు చక్రాలపై పడి ప్యాడులు త్వరగా అరుగుతాయి. ముందు ప్యాడులను పదేపదే మార్చవలసి వస్తున్న బండిలో వెనుక వాల్వును తప్పక పరిశీలించాలి.

బ్రేకు లోపంగా పొరపడే మరొక స్థితి

పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనుక యాక్సిళ్లు ఒకే వేగంతో తిరుగునట్లు కలిసిపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. బురదలో టైరు జారి ఈ తేడాను సరిచేసుకొంటుంది. డోన్ మీదుగా సాగే 44వ జాతీయ రహదారి వంటి పొడి తారురోడ్డుపై ఆ అవకాశం ఉండదు. స్టీరింగు బిగుసుకొని, మలుపులో బ్రేకు వేసినట్లు బండి ఆగి ఆగి కదులుతుంది. 2హెచ్‌కు మార్చి కొంత వెనుకకు నడిపితే బిగువు తొలగిపోతుంది. అలా తొలగితే బ్రేకులను విప్పవలసిన పని లేదు. ముందు, వెనుక టైర్ల సైజు లేదా అరుగుదలలో తేడా ఉన్నప్పుడు తిన్నని రోడ్డుపైన కూడా ఈ బిగువు రావచ్చు.

ఘాట్ ప్రయాణం, సంరక్షణ

వేగం రెట్టింపయితే బ్రేకులు భరించవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. నంద్యాల నుండి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్‌లో బరువుతో దిగేటపుడు బ్రేకును అదే పనిగా తొక్కి ఉంచితే ఆయిలు మరిగి, ఆవిరి ఏర్పడి, పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 ఆయిలు మరిగే కనీస ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నపుడు 205 డిగ్రీల సెల్సియస్. తేమ చేరిన తరువాత 140 డిగ్రీలు. డాట్ 4 విషయంలో ఈ విలువలు 230, 155 డిగ్రీలు. అందువలన సాధారణంగా రెండేళ్లకు ఒకసారి ఆయిలు మార్చాలి. దిగుడులో 2హెచ్‌లోనే తక్కువ గేరు ఎంచుకొని ఇంజను నిరోధాన్ని వినియోగించుకోవాలి.

రేగడిలో తిరిగిన బండిని మట్టి ఎండకముందే కడగడం, రాళ్లబాటలో తిరిగిన బండి యాక్సిల్ బూట్లను తరచుగా పరిశీలించడం, ప్యాడులు మార్చిన ప్రతిసారీ క్యాలిపర్ పిన్నులను శుభ్రపరచడం రైతులకు విస్తరణ కార్యకర్తలు నేర్పదగిన మూడు అలవాట్లు. బ్రేకు ధూళిని గాలి పైపుతో ఊదరాదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవాలి. పై పరీక్షలలో ఎక్కువ భాగానికి జాకీ, స్టాండు, స్పానరు, ఒక సహాయకుడు చాలును. భాగాన్ని మార్చడానికి ముందు దాని లోపాన్ని పరీక్షతో రుజువు చేయడం యంత్ర శిక్షణలో ప్రథమ పాఠం కావాలి.