మూలన పడేసే ముందు మీట చూడాలి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: పాత లాప్‌టాప్‌లో కొత్తగా లైనక్సు వేయించారు. తెర వెలిగింది, మౌసు కదిలింది. ఇంటర్నెట్టు మాత్రం రాలేదు. దుకాణానికి పట్టుకుపోతే ‘వైఫై కార్డు పోయింది, కొత్త లాప్‌టాప్ కొనుక్కోవడమే మేలు’ అన్న జవాబు వస్తుంది. దోస్త్‌లో డిగ్రీ ప్రవేశ దరఖాస్తుకు గడువు దగ్గరపడిన ఇంట్లో ఆ మాట పిడుగుపాటే. విత్తన పత్తి చేలో కూలికి పోయి కూడబెట్టిన డబ్బుతో కొన్న యంత్రమైతే మరీను. నిజానికి ఇటువంటి సందర్భాల్లో చాలామట్టుకు కార్డు పోయి ఉండదు. అంచున ఉన్న చిన్న మీట పక్కకు జరిగి ఉంటుంది, లేదా ఒక ఫైలు తక్కువై ఉంటుంది.

ఈ గొడవ ఇప్పుడు ఎక్కువ కావడానికి కారణం లేకపోలేదు. మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగించింది. దాని తరువాతి విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు యంత్రంలో ఉండాలి. పాత లాప్‌టాప్‌లు అనేకం అక్కడే ఆగిపోయాయి. వాటిని తుక్కుకు వేయడం ఇష్టం లేనివారు లైనక్సు వైపు తిరిగారు. దీనికి వెల లేదు. లోపలి రాత ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ మెనూలన్నీ తెలుగులో కనిపించే వ్యవస్థనే తయారుచేసింది. అయితే వైర్‌లెస్, ప్రింటరు వంటి సామాను దగ్గరకు వచ్చేసరికి కొత్తవారికి చిక్కులు మొదలవుతాయి.

గద్వాల చీర సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదనే కలిపే పనితనంలో ఉంది దాని పేరంతా. ఆ కలయిక వదులైతే నూలు ఎంత మంచిదైనా, పట్టు ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. కంప్యూటరులో డ్రైవరు చేసేది ఆ కలిపే పనే. సామాను ఒకరు చేస్తారు, లైనక్సు ఇంకొకరు రాస్తారు, మధ్యన డ్రైవరు కుదరాలి. వైఫై చిప్పుకైతే మరొకటి కూడా కావాలి. దాని లోపలే నడిచే చిన్న ప్రోగ్రాము, పేరు ఫర్మ్‌వేరు. దీని మూలరాతను తయారీదారులు చాలామంది బయటపెట్టరు. అందుకనే 1993లో మొదలైన డెబియన్ అనే ప్రసిద్ధ లైనక్సు తన స్థాపన డిస్కులో ఇటువంటి ఫర్మ్‌వేరును చాలాకాలం పెట్టలేదు. 2022 అక్టోబరులో ఆ సంస్థ సభ్యులు ఓటు వేసి నిర్ణయం మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి డిస్కులోనే వస్తున్నాయి. కాబట్టి ఎవరో ఎప్పుడో ఇచ్చిన పాత డిస్కుతో కుస్తీ పట్టడం కంటే కొత్తది దించుకోవడం సగం వైద్యం.

ఇక మిగతా సగం. ముందుగా మీట. పాత లాప్‌టాప్‌లలో ముందు అంచునో పక్కనో జరిపే మీట ఉంటుంది. మరికొన్నిటిలో విమానం బొమ్మ ఉన్న కీ. అది సరిగా ఉన్నదీ లేనిదీ తెలియకపోతే టెర్మినల్ తెరిచి ఆర్, ఎఫ్, కె, ఐ, ఎల్, ఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి ‘లిస్ట్’ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ‘హార్డ్ బ్లాక్డ్’ ఎదుట ఎస్ అని వస్తే మీట కట్టేసి ఉన్నట్లు. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ ఎదుట ఎస్ అని వస్తే అదే మాట తరువాత ‘అన్‌బ్లాక్ ఆల్’ అని కొడితే సరిపోతుంది. దీనికి మరమ్మతు చార్జీ ఎందుకు?

మీట బాగానే ఉంటే చిప్పు ఎవరిదో తెలుసుకోవాలి. ఎల్, ఎస్, పి, సి, ఐ అనే అయిదక్షరాలు కొడితే లోపలి సామాను జాబితా వస్తుంది. బయట గుచ్చే డాంగిల్ అయితే ఎల్, ఎస్, యు, ఎస్, బి. అందులో నెట్‌వర్క్ అని ఉన్న వరుసను కాగితం మీద రాసుకోవాలి. లాప్‌టాప్ పైన ఉన్న కంపెనీ పేరుతో ఇక్కడ పని లేదు. ఒకే కంపెనీ ఒకే మోడల్‌లో వేరువేరు చిప్పులు వాడిన సందర్భాలున్నాయి. బ్రాడ్‌కామ్ సంస్థ 2010 సెప్టెంబరులో తన కొత్త చిప్పులకు బహిరంగ డ్రైవరు ఇచ్చింది. అంతకు ముందు చిప్పులున్న లాప్‌టాప్‌లకు విడిగా ప్యాకేజీ వేసుకోవలసిందే. ‘సుడో’ అని ముందు చేర్చి డి, ఎం, ఇ, ఎస్, జి అని కొడితే యంత్రం తన దినచర్య అంతా చెబుతుంది. అందులో ఫర్మ్‌వేరు దొరకలేదన్న వరుస ఉంటే, ఏ ఫైలు కావాలో దాని పేరు కూడా అక్కడే ఉంటుంది.

వైఫై రావాలంటే ఫైలు కావాలి, ఫైలు రావాలంటే ఇంటర్నెట్టు కావాలి. చాలామంది ఈ ముడి దగ్గరే చేతులెత్తేస్తారు. దానికి మందు జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగ్ తీగతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే చాలు. సాధారణంగా ఏ డ్రైవరూ అవసరం లేకుండానే ఇంటర్నెట్టు వస్తుంది. తీగ మాత్రం చార్జింగుకే పనికివచ్చే చవక రకం కాకూడదు. ఆ తరువాత ఉబుంటులో అయితే ‘అడిషనల్ డ్రైవర్స్’, మింట్‌లో అయితే ‘డ్రైవర్ మేనేజర్’ తెరిస్తే కావలసినది అదే వెతికిపెడుతుంది.

మరో తమాషా కద్దు. ఊరివారి వైఫైలన్నీ కనిపిస్తాయి, సొంత ఫోను హాట్‌స్పాట్ ఒక్కటే కనబడదు. పాత చిప్పులు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే పట్టగలవు. ఫోను 5లో ప్రసారం చేస్తుంటుంది. ఫోనులో 2.4కు మార్చగానే పేరు ప్రత్యక్షం. విండోసూ లైనక్సూ రెండూ ఉన్న యంత్రమైతే, విండోసులో ‘ఫాస్ట్ స్టార్టప్’ను తీసివేయాలి. లేకుంటే అది పూర్తిగా నిద్రపోక కార్డును పట్టుకుని ఉంటుంది.

ప్రింటరు కథ వేరు. అసలు ఈ స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమం పుట్టుకకే ఒక ప్రింటరు కారణమంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్, మాటిమాటికీ కాగితం ఇరుక్కునే జెరాక్స్ ప్రింటరును దారికి తేవడానికి దాని మూలరాత అడిగితే దొరకలేదు. ఆ కడుపుమంటతో ఉన్న మనిషి 1983లో గ్నూ పథకం ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లైనక్సు దానికి జతకలిసింది.

ఈ రోజుల్లో నెట్‌వర్కుతో పనిచేసే కొత్త ప్రింటర్లు చాలావరకు డ్రైవరు అడగకుండానే లైనక్సులో పలుకుతాయి. తిరకాసు పాత లేజర్లతోనే. జిరాక్స్ దుకాణాల్లో బాగా కనిపించే లేజర్‌జెట్ 1020 రకం ప్రింటరు ఫర్మ్‌వేరును తనలో దాచుకోదు. ఆపి వేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి తినిపించాలి. హెచ్‌పీ లైనక్సు ప్యాకేజీ వేసి, దానితోపాటు అడిగే ‘ప్లగిన్’ను దించుకుంటే ఆ పని తనంతట తానే జరుగుతుంది. ప్లగిన్ వేయక ‘లైనక్సులో ప్రింటరు రాదు’ అనడం తొందరపాటు.

అన్నిటికీ మందు ఉందని చెప్పడం కూడా సరికాదు. ఆధార్ వేలిముద్ర యంత్రాలు కొన్నిటికి తయారీదారులు లైనక్సు సాఫ్టువేరు ఇస్తారు, కొన్నిటికి ఇవ్వరు. ఇవ్వనప్పుడు ఎంత తంటాలు పడినా లాభం లేదు. సేవా కేంద్రం మీద బతికేవారు ఆ సంగతి తేల్చుకోకుండా విండోసు తీసివేయరాదు. వనపర్తి రాజావారి కోటలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్నది. ఇటువంటి సామాను ఏది పలుకుతుందో, ఏది పలకదో అక్కడి విద్యార్థులు సెలవుల్లో పరీక్షించి ఒక పట్టిక గోడకు అంటిస్తే మూడు జిల్లాల వారికీ కర్నూలు, మహబూబ్‌నగర్ బస్సు చార్జీలు మిగులుతాయి.

పాత లాప్‌టాప్ కొనేవారు డబ్బు చేతిలో పెట్టకముందే పరీక్షించుకునే వీలుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లైనక్సు మింట్ ఎక్కించుకుని పోయి, దుకాణంలోనే దానితో యంత్రాన్ని ఆన్ చేయించాలి. లోపలి డిస్కును ముట్టుకోకుండానే అది నడుస్తుంది. వైఫై జాబితా వస్తున్నదా, చప్పుడు వినిపిస్తున్నదా, కెమెరాలో మొహం కనబడుతున్నదా, పది నిమిషాల్లో తేలిపోతుంది. ఒప్పుకోని దుకాణదారు ఉంటే పక్క దుకాణానికి పోవచ్చు.