బిళ్ళకు దారి ఎవరు చెప్పారు?

మొన్న మా అమ్మకు జ్వరం వచ్చింది. బిళ్ళ చేతికిచ్చి మంచినీళ్ళు అందిస్తే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, "నొప్పి తలలో. మందు వేసుకునేది కడుపులోకి. తల ఎక్కడుందో దీనికెవరు చెప్పార్రా?" అంది. నాకు జవాబు తోచలేదు. "ఇంత చదువూ చదివావు!" అని నవ్వి మింగేసింది.

మర్నాడు సాయంత్రం మా వీధి చివరి డాక్టరుగారు చూడవస్తే, అమ్మ ప్రశ్న ఆయన ముందు పెట్టాను.

"ఎవరూ చెప్పలేదండీ. అది ఒళ్ళంతా తిరుగుతుంది" అన్నారాయన.

జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ బిళ్ళ కడుపులో కరిగి, చిన్నపేగులోనుంచి రక్తంలో కలుస్తుంది. ముందు కాలేయానికి వెళ్ళి, అక్కణ్ణించి గుండెకు చేరి, కాలి బొటనవేలి దాకా అన్నిచోట్లకూ పోతుంది. పని చేసేది మాత్రం ముఖ్యంగా మెదడులో. జ్వరాన్నీ నొప్పినీ రేపే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాల తయారీని అక్కడ తగ్గిస్తుంది. ఇందుకు అరగంటో గంటో పడుతుంది. పది నిమిషాలకే "ఇంకా తగ్గలేదే!" అని రెండోది వేసుకోవటం మన తొందరేగాని మందు లోపం కాదు.

వచ్చిన చుట్టం తిరిగి వెళ్ళాలిగదా! సాగనంపే పని కాలేయానిది. రెండు మూడు గంటలకు రక్తంలోని మందు సగమౌతుంది. మరో రెండు మూడు గంటలకు ఆ సగంలో సగం. చాలా భాగాన్ని కాలేయం హానిలేని పదార్థాలుగా మారిస్తే మూత్రపిండాలు బయటికి పంపుతాయి. కొద్ది భాగం మాత్రం విషమౌతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని అక్కడికక్కడే విరిచేస్తుంది. మోతాదు మించితే ఆ పదార్థం నిల్వ తరిగిపోయి, విషం కాలేయం మీదనే పడుతుంది.

"ఇంతకీ ఏమేం ఇస్తున్నారు?" అన్నారు డాక్టరుగారు. జ్వరానికొకటి, జలుబుకొకటి, రెండు అట్టలూ తెచ్చాను. వెనక్కు తిప్పి సన్న అక్షరాలు నాచేతనే చదివించారు. జ్వరం బిళ్ళలో పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు. జలుబు బిళ్ళలోనూ అదే, 500! పేర్లు వేరు, రంగులు వేరు, లోపలి సరుకు ఒకటే. మొదటిది రోజుకు నాలుగు, రెండోది మూడు, వెరసి 4,100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకే 24 గంటలలో దాటరాని హద్దు 4,000. బక్కపలచని వారికీ, కాలేయం జబ్బున్నవారికీ, తాగుడు అలవాటున్నవారికీ ఇంకా తక్కువ. అమ్మ బక్కమనిషి. నాకు ముచ్చెమటలు పోశాయి.

"అమ్మ బాగానే ఉందిగదండీ?" అన్నాను.

"మొదటిరోజు పైకి ఏమీ కనపడకపోవచ్చు. అదే ప్రమాదం" అని రక్తపరీక్ష చేయించారు. అదృష్టం, కాలేయానికి ఏమీ కాలేదు. మోతాదు మించినప్పుడు ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉన్నది. ఎనిమిది గంటలలోపల ఇస్తే బాగా పనిచేస్తుంది. బాధ తెలిసేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలన్నమాట.

ఇప్పుడు మా మందుల పెట్టెమీద ఒక కాగితం అంటించాను: ఏ మందు, ఎంత, ఏ వేళకు. అమ్మ మాత్రం బిళ్ళ అందుకునే ముందు, "పేరు కాదురా, వెనక రాసింది చదువు" అంటున్నది.