చుక్క పెట్టడం మరిచితే

కంప్యూటరు చదువు చదివిన పిల్లలు ఇంటింటా ఉన్నారు గాని, వారిలో బ్లిస్ అనే భాష పేరు విన్నవారు అరుదు. 1970 ప్రాంతంలో పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం వుల్ఫ్ మొదలైనవారు దీనిని రూపొందించారు. తరువాత డిజిటల్ కంపెనీవారు తమ వాక్స్ యంత్రాల వి.ఎమ్.ఎస్.లో అనేక భాగాలను ఈ భాషలోనే వ్రాశారు.

ఈ భాషకు తెరమీద ఒక ముక్క చూపించే సొంత మాటయినా లేదు. అటువంటి పనులకు వి.ఎమ్.ఎస్.తో వచ్చే రన్‌టైమ్ లైబ్రరీ అనే ఉమ్మడి కొట్టును ఆశ్రయించవలసిందే. అందులోని రొటీన్లలో కొన్ని విలువను అడుగుతాయి, కొన్ని విలువ ఉన్న చోటు చిరునామాను అడుగుతాయి. అక్షరాల వరుస అయితే పొడవు, రకం, చిరునామా వ్రాసిన 8 బైట్ల చీటీ కావాలి. ఆ చీటీని కంపైలరే కట్టి ఇస్తుంది, అదొక సుఖం.

అసలు చిక్కు పేర్లతో. ఇతర భాషలలో పేరు వ్రాస్తే సాధారణంగా లోపలి విలువ వస్తుంది. బ్లిస్‌లో పేరంటే చిరునామాయే. విలువ కావాలంటే ముందు చుక్క పెట్టాలి. ధాన్యం కావాలంటే గాదె పేరు చెబితే చాలదు, తలుపు తీయాలి కద! అంకె వ్రాస్తే మాత్రం అంకె అలాగే పోతుంది.

మేము నేర్చుకొనే కొత్తలో, 100 బైట్ల చోటు ఇమ్మని ఒక రొటీనుకు 100 అని తిన్నగా అందించాము. అది కోరేది ఆ సంఖ్య ఉన్న చిరునామాను. పాపం, 100వ చిరునామాకు వెళ్లి తలుపు తట్టింది! వాక్స్‌లో 0 నుండి 511 వరకు గల మొదటి పేజీని, ఇటువంటి తప్పులు దొరకడానికే, మామూలుగా మూసి ఉంచుతారు. ప్రోగ్రాము అక్కడే కూలింది. రెఫ్ అని చెప్పి 100 ఇచ్చి ఉంటే, కంపైలరు దానిని ఒకచోట ఉంచి ఆ చిరునామా పంపేది. కూలడమే మేలయింది. 600 అడిగి ఉంటే, ఆ చిరునామాలో మా ప్రోగ్రాము ముక్కే ఏదో ఉండి, దానినే లెక్కగా తీసుకొని నోరెత్తకుండా సాగిపోయేదేమో.

పని ముగించి రొటీను ఒక సంఖ్య తిరిగి ఇస్తుంది: బేసి అయితే జయం, సరి అయితే తప్పు జరిగినట్లు. చాలామంది దానిని చూడనే చూడరు. బ్లిస్‌లో ఇఫ్ పరీక్షించేది కూడా చివరి బిట్టునే కనుక చూడడం బహు తేలిక. అయితే ఆ జవాబును మెమరీలో దాచి తరువాత పరీక్షిస్తే చుక్క మరువరాదు. మరిచితే ఇఫ్ చూసేది చిరునామాను. అది సాధారణంగా సరిసంఖ్యే కనుక, చక్కగా జరిగిన పనికూడా చెడినట్లే కనబడుతుంది.