ముళ్ల దారమా, ముడి దారమా?

ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్‌లో గ్రంథిని తీసేయడంతో పని అయిపోదు. అది పోయాక పైన మూత్రాశయం, కింద మూత్రనాళం విడివిడిగా మిగులుతాయి. ఆ రెండింటినీ మళ్లీ కలిపి కుట్టాలి. కటి ఎముకల మధ్య, లోతైన ఇరుకు చోట, గడియారంలో ఆరు అంకె ఉండే వైపు మొదలుపెట్టి, రెండు సూదులతో చెరో పక్కనుంచీ కుట్టుకుంటూ వచ్చి పన్నెండు దగ్గర కలుస్తారు. కుట్టు వదులైతే మూత్రం కారుతుంది. మరీ బిగిస్తే అంచులకు నెత్తురు ఆడదు.

రోబో ఈ పనిని చాలా తేలిక చేసింది. మణికట్టులా తిరిగే పరికరాలు ఇచ్చింది, లోపలి భాగాలను పెద్దవి చేసి చూపించే త్రీడీ కెమెరా ఇచ్చింది. కానీ సర్జన్ వేళ్లకు ఉండే స్పర్శను తీసేసుకుంది. చాలా రోబోల్లో, వాటిని నడిపే కన్సోల్ ముందు కూర్చున్నవారికి దారం ఎంత బిగిసిందో చేతికి తెలియదు, కంటితో చూసి అంచనా వేసుకోవాలి. బిగువును చేతికి తెలియజేసే సదుపాయంతో డావిన్సీ 5 రోబోకు అమెరికాలో అనుమతి వచ్చింది 2024లోనే.

మామూలు దారంతో ఇంకో చిక్కుంది. రెండో కుట్టు వేసేలోగా మొదటిది వదులవుతుంది. అసిస్టెంట్ దారాన్ని లాగి పట్టుకునే ఉండాలి. చివర్లో ముడి మీద ముడి వేయాలి. రోబో చేతులు కాస్త గట్టిగా లాగితే దారం పుటుక్కున తెగుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడే ముళ్ల దారం పనికొచ్చింది. దీని ఒంటినిండా కంటికి ఆనీ ఆనని సన్నటి ముళ్లుంటాయి. చేలో నడిచొస్తే పంచెకు పట్టుకునే ఉత్తరేణి గింజల్లా కండలో పట్టేసుకుంటాయి. దారం ముందుకు పోతుంది, వెనక్కి రాదు. వేసిన కుట్టు వేసినచోటే నిలుస్తుంది, ముడితో పనే లేదు. ఈ ఆలోచన కొత్తదేం కాదు. జాన్ ఆల్కమో అనే ఆయన దీనికి అమెరికాలో 1964లోనే పేటెంట్ తీసుకున్నారు. క్విల్ పేరుతో అక్కడ అనుమతి వచ్చేసరికి 2004 అయింది. తర్వాత వీ-లాక్, స్ట్రాటాఫిక్స్ వచ్చాయి.

డెట్రాయిట్ ఒక మాట, బోస్టన్ ఒక మాట

రెండు దారాల పోటీలో మన తెలుగువారి పేరూ ఉంది. ఐటీ వ్యాపారంలో ఎదిగిన రాజ్ వట్టికూటి 2001లో ఇచ్చిన భారీ విరాళంతో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. రోబోతో ప్రోస్టేట్ తీసే పద్ధతి డాక్టర్ మణి మీనన్ నాయకత్వంలో అక్కడే కుదురుకుంది. ఆ సంస్థ వైద్యులే రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ముళ్ల దారం, మరో జట్టుకు మామూలు దారం వాడి చూశారు. 2011లో అచ్చయిన ఆ అధ్యయనంలో ముళ్ల దారంతో సమయం ఆదా అయింది, భద్రతకు లోటు రాలేదు.

బోస్టన్ వైద్యులు 2010లో ప్రచురించిన ఫలితం మాత్రం వేరు. మొత్తం 81 మంది రోగులు. ముళ్ల దారం వాడిన 45 మందిలో తొమ్మిది మందికి కుట్టు దగ్గర లీకు కనిపించింది. మామూలు దారంతో కుట్టిన 36 మందిలో ఒక్కరికే. ముళ్ల దారం జట్టుకు క్యాథటర్ (మూత్రం పోయే గొట్టం) ఎక్కువ రోజులు ఉంచాల్సి వచ్చింది. ఒక్కో ఆపరేషన్‌కు దారం ఖర్చు 8 డాలర్ల చిల్లర నుంచి 51 డాలర్లు దాటింది.

అసలు సంగతి ఆ లెక్కల లోపల ఉంది. మొదటి 29 మందిలో ఎనిమిది మందికి లీకైంది. అతిగా బిగిస్తున్నామేమోనన్న అనుమానంతో ఆ వైద్యులు పద్ధతి మార్చి, అంచుల్ని చూసుకుంటూ బిగువు తగ్గించారు. తర్వాతి 16 మందిలో లీకు ఒక్కరికే. దారం మారలేదు, బిగించే తీరు మారింది. వెనక్కి రాని దారాన్ని స్పర్శ తెలియని చేతులతో లాగేటప్పుడు కన్ను ఎంత జాగ్రత్తగా ఉండాలో దీన్నిబట్టి తెలుస్తోంది. నన్నడిగితే ఈ పోటీలో గెలుపు ఏ కంపెనీ దారానిదీ కాదు, సర్జన్ సాధనది.

కిడ్నీలో గడ్డ ఉన్నంతమేర కోసి తీసే ఆపరేషన్‌లో ఈ దారం విలువ ఇంకా ఎక్కువ. నెత్తురు ఆపి ఉంచిన ప్రతి నిమిషమూ కిడ్నీకి నష్టమే గనక, కుట్టు ఎంత త్వరగా పూర్తయితే అంత మేలు. ఆడవాళ్ల సంగతి మరీ ముఖ్యం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ, నూటికి దాదాపు తొమ్మిది మంది. గర్భసంచి మొత్తం తీసేయకుండా అందులోని ఫైబ్రాయిడ్ గడ్డలను మాత్రమే తీసి, దాన్ని కుట్టి నిలబెట్టే ఆపరేషన్‌లో ముళ్ల దారం కుట్టే సమయాన్ని తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. తీసేయడమే తేలికనుకునే మన ప్రాంతంలో, గర్భసంచిని దక్కించే పనికి తోడ్పడే ఏ పరికరమైనా నాకు ఇష్టమే.

ప్రమాదమూ లేకపోలేదు. కత్తిరించిన చివర పొడవుగా మిగిలితే, ఆ ముళ్లు పేగును పట్టుకుని మెలిపెట్టిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఆపరేషన్ బాగా జరిగి ఇంటికెళ్లాక కడుపు ఉబ్బి, వాంతులవుతూ ఉంటే అది గ్యాసని సరిపెట్టుకోకూడదు, వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఒంగోలు నుంచి బయల్దేరే ముందు

మిర్చి అమ్మిన డబ్బు, పత్తి మీద తెచ్చిన అప్పు చేతపట్టుకుని హైదరాబాదుకో చెన్నైకో రైలెక్కే కుటుంబాలకు రోబో అన్నమాటే పెద్ద భరోసా. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ నిమ్స్‌లోనూ 2023లో రోబో సర్జరీ మొదలైంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఏ దారం వాడాలో రోగి తేల్చలేడు, తేల్చనక్కర్లేదు కూడా. కానీ అడగాల్సినవి ఉన్నాయి. ఈ ఆపరేషన్ రోబోతో మీరు ఎన్ని చేశారు? కుట్టు మీరే వేస్తారా? క్యాథటర్ ఎన్నాళ్లుంచుతారు? కుట్టు లీకైతే ఏం చేస్తారు, ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా? ఊరు కాని ఊళ్లో, తెల్లకోటు ముందు మొహమాటం సహజమే. అయినా సంతకం పెట్టకముందే ఈ నాలుగూ అడగండి, జవాబులు కాగితం మీద రాసుకోండి.