సేంద్రియ సౌరఘటం, వరి ఆకు: ఆవేశాల ఉత్పత్తి, నష్టం

కాంతి సోకగానే సిలికాన్ సౌరఘటంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛ పొందుతాయి. కర్బన సమ్మేళనాలతో చేసే సేంద్రియ సౌరఘటంలో ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ స్థానం విడిపోక ‘ఎక్సైటాన్’ అనే జంటగా ఉంటాయి. సుమారు 10 నానోమీటర్లలోపు దాత, గ్రహీత పదార్థాల సరిహద్దును చేరితేనే ఈ జంట విడిపోతుంది. లేకుంటే శక్తి వేడిగానో వెలుగుగానో వ్యర్థమవుతుంది. విడిపోయిన ఆవేశాలు ఎలక్ట్రోడులను చేరేలోగా తిరిగి కలిసినా నష్టమే. 1986లో టాంగ్ ప్రకటించిన రెండు పొరల ఘటం సామర్థ్యం సుమారు 1 శాతం. రెండు పదార్థాలను కలగలిపి సరిహద్దును విస్తరించడం, కొత్త గ్రహీతలు రావడంతో నేడది ప్రయోగశాలల్లో 19 శాతం దాటింది.

వరి ఆకులోనూ పత్రహరితం గ్రహించిన శక్తి చర్యాకేంద్రంలో ఆవేశాలను విడదీస్తుంది. విడుదలైన ఎలక్ట్రాన్లు ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ స్థిరీకరణకు వినియోగపడాలి. పెడన, బంటుమిల్లి వంటి కాలువ శివారు ప్రాంతాల చౌడు నేలల్లో ఉప్పు ప్రభావానికి పత్రరంధ్రాలు మూసుకుంటే ఈ వినియోగం మందగిస్తుంది. మిగులు శక్తి చాలావరకు వేడిగా పోతుంది; కొంత ఆకుకే హాని చేస్తుంది. చీకటిలో ఉంచి కొలిచినప్పుడు ఆరోగ్యవంతమైన ఆకులో సుమారు 0.83 ఉండే ప్రతిదీప్తి నిష్పత్తి తగ్గడం ఈ హానికి సూచిక.

కనుక చౌడు మడిలో నత్రజని పెంచి ఆకును పచ్చబరచినంత మాత్రాన దిగుబడి రాదు. ముందుగా మంచినీరు నిలగట్టి, మురుగు తీసి, ఉప్పును కడగాలి. చౌడును తట్టుకునే రకాన్ని ఎంచుకోవాలి. ఘటంలోనైనా పైరులోనైనా పట్టిన కాంతి కంటే వినియోగమైన ఆవేశమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.