గోడెల్ పేరు చెప్పి గణితాన్ని తగలెయ్యకండి

"గణితంలోనే నిజానికి దిక్కులేదని గోడెల్ ఎప్పుడో నిరూపించాడు" అనే మాట వీడియోల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఊరికే తిరిగితే పోనిద్దురు. జాతకాలు, వాస్తు అమ్మేవాళ్లకు అది పెట్టుబడి అయింది. నిరూపణ రాయడం దండగని పదో తరగతి పిల్లాడు మాస్టారితోనే వాదనకు దిగుతున్నాడు.

1931లో తర్కవేత్త గోడెల్ చెప్పింది వేరు. వ్యవస్థలో వైరుధ్యం ఉండకూడదు, అంకగణితానికి సరిపడా బలం ఉండాలి, ఏది స్వీకృతమో ఏది కాదో యాంత్రికంగా తేల్చగలగాలి. అలాంటి ఏ వ్యవస్థలోనైనా అవుననీ కాదనీ నిరూపించలేని వాక్యం ఒకటి మిగిలిపోతుంది. అంతే. నిరూపణకు అందనంత మాత్రాన అందులో నిజం లేదని ఎవరన్నారు?

గోల్డ్‌బాక్ ఊహనే తీసుకోండి: 2 కన్నా పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తం. 28 అంటే 11, 17. ఇది తప్పయితే అలా రాయలేని సరిసంఖ్య ఎక్కడో ఒకటి దొరకాలి. దానికి ఎన్ని జతలున్నా లెక్క ఒకచోట ముగుస్తుంది కాబట్టి, ఒక్కొక్కటీ సరిచూసి ఊహ తప్పని నిరూపించేయొచ్చు. మరి అంకగణిత స్వీకృతాలతో ఇది అటూ ఇటూ తేలదని రేపెవరైనా నిరూపిస్తే? అలాంటి సరిసంఖ్యే లేదన్నమాట. అంటే ఊహ నిజమే! "అంతా అభిప్రాయమే" అనే పెద్దమనుషులు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచిస్తే బాగుండు.

వాళ్ల వాదనలో కాస్త పస ఉన్న చోటు ఒకటుంది, ఒప్పుకోక తప్పదు. సహజ సంఖ్యల అనంతానికీ వాస్తవ సంఖ్యల అనంతానికీ మధ్య ఇంకో పరిమాణం లేదని 1878లో కాంటర్ ఊహించాడు. సమితి సిద్ధాంతపు మామూలు స్వీకృతాలతో దాన్ని తప్పని తేల్చలేమని 1938లో గోడెల్, ఒప్పని కూడా తేల్చలేమని 1963లో పాల్ కోహెన్ చూపించారు. సమితుల విశ్వాలు (ఆ స్వీకృతాలన్నీ చెల్లే లోకాలు) అనేకం, కొన్నింట్లో అది నిజం, కొన్నింట్లో కాదు, దానికి ఇంతకుమించిన జవాబు లేదంటాడు గణితవేత్త జోయెల్ డేవిడ్ హామ్‌కిన్స్. నాకు మింగుడుపడదు గానీ కొట్టిపారేయలేను. తమాషా ఏమిటంటే, ఈ ఊహకు ఖాయంగా ఒక జవాబు ఉందని నమ్మినవాడు గోడెలే. పైగా కోహెన్ ఆ నిరూపణకు వాడిన పద్ధతిలో ఎన్ని కొత్త విశ్వాలు కట్టినా అంకగణిత వాక్యం ఒక్కటీ మారదు. మీ ఎక్కాల పుస్తకం భద్రమే.

వాళ్లు తెచ్చే మిగతా ఉదాహరణలూ అంతే. యూక్లిడ్ తప్పని తేలిందా? లేదు, బంతి మీద గీసిన త్రిభుజానికి ఆయన పూచీ పడలేదు. రామానుజన్ 1+2+3+... కలిపితే -1/12 వచ్చిందా? అది మామూలు కూడిక కాదు, వదిలేయండి.

ఈసారి ఎవరైనా గోడెల్ పేరెత్తితే రెండే అడగండి: ఏ వ్యవస్థలో? ఏ వాక్యం? బదులు రాకపోతే టాపిక్ మార్చేయండి. ఓపికుంటే, ఈ దుర్వినియోగం మీదే టోర్కెల్ ఫ్రాంజెన్ 2005లో ఒక చిన్న పుస్తకం రాశాడు, తెప్పించుకోండి.